సగం పంచె

లండను,
12 అక్టోబరు 1955

శారదక్కకు తమ్ముడు ఉరుకుందు నమస్కారం.

ఈ జాబు నీకు, అక్కా. నీకు చదువు రాదు కాబట్టి బావ చదవాల్సి వస్తోంది. బావకు చదవడం వరకే అధికారం. మధ్యలో నవ్వడం, దగ్గడం, సొంత మాటలు కలపడం కుదరదు.

ఓడలో మూడు రోజులు తల ఎత్తలేకపోయాను, తర్వాత బాగానే ఉన్నాను. ఇక్కడి చేనేత ప్రదర్శనకు ఎమ్మిగనూరు నుంచి వచ్చింది మేమిద్దరమే గదా. ఆదెప్ప మామ పడుగు సంగతి చూసుకుంటాడు, నేను మగ్గం మీద కూర్చుని నేస్తాను. గుంట మగ్గానికి నేల తవ్వుతామంటే హాలువాళ్లు అదిరిపోయారు. చివరికి చెక్కలతో అరుగు కట్టి, అందులో గుంట వదిలారు. చూడవచ్చిన దొరసానులు వంగి వంగి నా కాళ్లే చూస్తున్నారు. చేతులతో నేయడం వాళ్లకు వింత కాదట, కాళ్లతో తొక్కడమే వింతట.

ఇక చలి. ఇంత చలి ఉంటుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. ఉన్ని కోటు కొనుక్కోమని ఆదెప్ప మామ పోరుతున్నాడు. మిల్లు గుడ్డ తొడుక్కుని చేనేత గొప్పతనం ఏ నోటితో చెప్పాలి? పంచె, చొక్కా, మీద మన దుప్పటి. అదే నా వేషం.

ఆదోని స్టేషన్లో నువ్వు సద్దిమూట పట్టుకుని నిలబడితే తీసుకోకుండా రైలెక్కాను. అది నీ మీద కోపం కాదని నీకు తెలుసు. మగ్గం అమ్మేసి, ఊరంతా విప్పి పడేసిన బట్టలు కుప్పపోసి అమ్మే ఇంట్లో, ఆ దుకాణం మూసేదాకా చేయి కడగనని నలుగురి ముందర అన్నాను. మాట మాటే. ఒకడు విప్పిన గుడ్డను ఇంకొకడికి తొడిగితే వాడి ఆత్మగౌరవాన్ని కూడా విప్పినట్టేనని నా దగ్గరున్న చిన్న పుస్తకంలో స్పష్టంగా ఉంది.

నీ తమ్ముడు,
ఉరుకుందు


ఆదోని,
25 అక్టోబరు 1955

ఆత్మగౌరవం గల బామ్మర్దికి అది లేని బావ మహానంది రాసేది:

నీ జాబు చదివి వినిపించినాను. నవ్వలేదు. రెండుసార్లు దగ్గినాను, అది వంటింట్లో మిరపకాయల ఘాటుకు.

దుప్పటి కాడికి వచ్చేసరికి మీ అక్క నా మీదికి లేచింది. "దుప్పటి కప్పుకోని ఉండాడా? రొమ్ము పట్టిందంటే ఆడ ఎవురు కషాయం కాస్తారు? నువ్వన్నా సెప్పకూడదా?" అని. లండనుకు చలి నేనే ఇక్కడినుంచి పంపినట్టు.

ఆ సద్దిమూట మళ్లీ ఇంటికే వచ్చింది. జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి, అడుగున బెల్లం పోళీలు రెండు. నీ ఆత్మగౌరవం పుణ్యాన నాకు రెండు పూటలు గడిచినాయి. పోళీ మాత్రం మీ అక్క ముట్టలేదు.

దుకాణం బాగుంది. అడగలేదని తెలుసు, అయినా చెబుతాను. మొన్న సంతకు పెద్దకడుబూరు పత్తిచేల కావలివాళ్లు వచ్చినారు. పాత మిలిటరీ కోట్లు దిగినాయిలే, దేవుని పటాలు చూసినట్టు చూసినారు. మన హుసేనమ్మ రఫూ చేసిన చోటు భూతద్దం పెట్టినా దొరకదు. నీకూ ఒకటి పక్కన పెట్టినాను. పంపితే సముద్రంలో వేస్తావు కాబట్టి పంపడం లేదు.

అక్కడే ఎప్పుడైనా బుద్ధి పుట్టి కొంటే గుర్తుపెట్టుకో. ముందు చంక చూడు, తర్వాత మోచెయ్యి, ధర ఆఖర్న.

బావ,
మహానంది


లండను,
6 నవంబరు 1955

అక్కకు,

కంగారు పడకు, జ్వరం తగ్గింది. వచ్చిందని రాయలేదు కదా, ఇప్పుడు రాస్తున్నాను.

నేను లేచిన మొదటి ఆదివారం మేము అద్దెకుండే ఇంటావిడ, ముసలి దొరసాని, ఒకవైపు, ఆదెప్ప మామ ఇంకోవైపు చెయ్యి పట్టుకుని పాతబట్టల సంతకు లాక్కుపోయారు. మధ్య దారిలో కూర్చుండిపోదామనుకున్నాను, నేల మరీ చల్లగా ఉండింది.

అక్కా, ఆ సంత ఒక వీధి పొడవునా ఉంది! కోట్లు, టోపీలు, బూట్లు, పెళ్లిబట్టలు, అన్నీ ఎవరో ఒకరు తొడిగినవే. కొనేవాళ్లు బీదలే అనుకున్నాను. కాదు. బడిపంతులు, గుమాస్తా, నాటకాలు ఆడేవాడు, కళ్లద్దాల కుర్రది ఒకతె. ఆ అమ్మాయి మగవాళ్ల కోటు తొడుక్కుని, నడుముకు పటకా బిగించి, అద్దంలో ఒకసారి చూసుకుని, రాణిలా నడిచిపోయింది. ఒక్కరి ముఖంలోనూ సిగ్గు లేదు. ఏరుకోవడంలోనే వాళ్ల దర్జా.

ఎల్సీ అనే ఆవిడ కుప్పలో నాకొక కోటు కనిపించింది. తంగేడు బెరడు రంగు, కొమ్ము గుండీలు. నా చెయ్యి దానంతట అది చంక తిప్పి చూసింది, తర్వాత మోచెయ్యి. ఎక్కడ నేర్చుకున్నానో గుర్తులేదు. ఉన్ని అసలుదో కాదో తెలియాలి కదా, అంచున ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. ఎల్సీ వీధంతా వినబడేట్టు కేకపెట్టింది. నేను కాలిన పోగు ఆమె ముక్కు దగ్గర పెట్టాను. వెంట్రుక కాలిన వాసన! అసలైన ఉన్ని! ఆమెకు తెలియదట, ఇన్నేళ్లుగా అమ్ముతోందట. అప్పటినుంచి ప్రతి కోటుకూ పోగు కాల్చి చెప్పమని వెంటపడింది.

సిద్ధాంతం తప్పానని బావ గెంతులేయవద్దు. కొత్త కోటు కొంటే లాభం మిల్లు యజమానికి పోతుంది. పాతది కొంటే అతనికి దమ్మిడీ పోదు. కాబట్టి పాత కోటు కొనడం మిల్లుల మీద పోరాటమే. ఆదోని దుకాణానికీ దీనికీ ఏ పోలికా లేదు.

కింద పంచె, పైన కోటు, మెడకు ఆకుపచ్చ మఫ్లరు. ఇంత పెద్ద ఊళ్లో ఇట్లాంటి మనిషి ఇంకొకడు లేడు. నిజం చెప్పాలంటే నాకది నచ్చింది.

ఉరుకుందు


ఆదోని,
20 నవంబరు 1955

మిల్లుల మీద పోరాడే వీరునికి,

ఈసారి నవ్వినాను. చదివేది వింటూ హుసేనమ్మ కూడా నవ్వి సూది వేలికి గుచ్చుకునింది. "ఏమప్పా, ఇన్నేండ్లూ మనం పోరాటం సేస్తాండామా? నాకు సెప్పనే లేదే!" అంటోంది. దుకాణానికి అట్లనే బోర్డు రాయిద్దామని చూస్తున్నాను.

మీ అక్కకు వేరే దిగులు. "ఎవుని కోటో ఏమో, ఉండాడో పోయినాడో! పసుపునీళ్లల్లో ముంచి, ఎండకేసి తొడుక్కోమని రాయి." రాసినాను.

ఇంకొక సంగతి. కొన్నాళ్లుగా మీ అక్కకు పులుపు మీద మనసు పోతోంది. పచ్చి చింతకాయలకని కౌతాళం బస్సు డ్రైవరుకు చెప్పిపెట్టినాను. పొద్దున పూట మాత్రం మంచినీళ్లు కూడా కడుపులో ఇమడవు. ఇంతకుమించి ఇప్పుడే కాగితం మీద పెట్టకూడదని చెయ్యి పట్టుకునింది. చదువుకున్నవానివి, నీకే తెలుస్తుంది.

అందుకే అడుగుతోంది: నువ్వు కట్టి కట్టి మెత్తబడిన పంచె ఒకటి పంపాలంట. కొత్తది వద్దు. నీ ఒంటిమీద నలిగినదే కావాలంట. మరిచిపోవద్దు.

మహానంది


లండను,
3 డిసెంబరు 1955

బావకు,

ఈసారి నేరుగా నీకే రాస్తున్నాను.

నేను కట్టి విప్పిన పంచె కావాలా? ఎందుకో తెలియనంత అమాయకుణ్ణి కాను. కుప్ప మీద పరిచి "లండను చూసొచ్చిన పంచె, రండి రండి" అని అరవడానికి! అరుచుకో, అది నీ వృత్తి. కానీ అక్క పేరు చెప్పి అడుగుతావా? ఆమె నోట నీ వ్యాపారం పెడతావా?

నా దగ్గర అట్లాంటి పంచె ఒకటుండింది. మగ్గం నా చేతికి వచ్చాక మొట్టమొదట నేసి కట్టుకున్నది. నాలుగేళ్లు ఉతికి ఉతికి లేత అరిటాకులా అయింది. అది ఆదోని కుప్పలో పడకూడదని ఎల్సీకి ఇచ్చేశాను. బదులు ఒక టోపీ తీసుకున్నాను. టోపీతో తీయించుకున్న ఫోటో జతచేస్తున్నాను. తృప్తిగా చూడు.

కోటును అక్క చెప్పినట్టే ఆదెప్ప మామ దగ్గరున్న పసుపులో ముంచాను. ఇంటావిడ స్నానాల తొట్టి పచ్చగా అయింది, రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. కోటు లోపలి గుడ్డ, కాలరు అంచు బంగారు రంగు తేలాయి. ఇప్పుడు ప్రదర్శనకు వచ్చేవాళ్లు నేతను వదిలి కాలరు రంగు ఎట్లా వేశారని అడుగుతున్నారు. మా అక్క వేయించిందని చెబుతున్నాను.

అక్కకు: నీది అజీర్ణం. సందేహం లేదు. నా ప్రకృతి చికిత్స పుస్తకంలో అచ్చం ఇవే లక్షణాలున్నాయి. పులుపు పూర్తిగా మానాలి. తెల్లవారి వేడినీళ్లు, రెండు మైళ్లు చురుకైన నడక, కడుపు మీద తడిగుడ్డ, వారానికొక ఉపవాసం. బావ చింతకాయలు తెస్తే బయట పారెయ్యి.

ఉరుకుందు


ఆదోని,
6 ఫిబ్రవరి 1956

ఉరుకుందుకు,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపం నీ ఒక్కని సొత్తు కాదు.

నిన్న మీ అక్కకు గాజులు తొడిగినారు. ఇంక రాయొచ్చు. ఉపవాసాలూ, రెండు మైళ్ల నడకా లేకుండానే ఆమె అజీర్ణం ఏప్రిల్ ఆఖరుకు నయమవుతుంది. నువ్వు మేనమామ అవుతావు.

ఇప్పుడైనా తెలిసిందా, పంచె దేనికి అడిగినామో? పురిటిబిడ్డకు మొదట కొత్తగుడ్డ చుట్టరు. మనవాళ్లలో మేనమామ కట్టి నలిగిన గుడ్డ మీదే పడుకోబెడతారు. చిన్న పుస్తకంలో లేదేమో.

టోపీ సంగతి చదివినప్పుడు మీ అక్క లేచింది. ఫోటో తీసుకుని లోపలికి పోయింది. నేను దుకాణం మీద ఎన్ని మాటలైనా పడతాను, మగ్గం అమ్మినప్పుడే అన్నీ పడినాను. ఆమె అట్లా లోపలికి పోవడం మాత్రం పడలేను. అందుకే ఇన్నాళ్లు కలం ముట్టలేదు.

ఈ పొద్దు తనే వచ్చి కూర్చునింది. "నేను సెప్పినట్టే రాయి, నీ మాటలు కలపొద్దు" అనింది. రాస్తున్నాను.

"తమ్మీ, నువ్వు పుట్టిన పొద్దు మనింట్లో పాతగుడ్డ పేలిక లేదురా. ఉన్నిందంతా సావుకారుకు నేసిన కొత్తగుడ్డే. గంజి పెట్టి, అట్ట మాదిరి. దాన్ని ముడితే ఆయప్ప ఊరుకుంటాడా? కరువుకాలం, కట్టుకున్న కోకలు తప్ప ఏం లేవు. అమ్మ నిన్ను వొళ్లో పెట్టుకోని ఏడుస్తాంది, నేను వాకిట్లో నిలబడినా. అప్పుడు గిన్నెలకు పాతబట్టలు మార్సుకుంటా ఒకామె గంప ఎత్తుకోని మన సందులోకి వచ్చింది. ఆదోనామె, వాళ్ల మగ్గమూ అప్పటికే మూలబడిందంట. గంప దించి, అంతా తిరగేసి, అన్నిట్లోకీ మెత్తంది ఏరి ఇచ్చింది. గిన్నె కూడా అడగలే. నువ్వు మొట్టమొదట కట్టింది ఆ గుడ్డేరా. ఆమె ఎవురనుకున్నావు? మా అత్త తిమ్మమ్మ. ఆ గంపే ఈ పొద్దు ఈ దుకాణం. ఇది యా పుస్తకంలో రాసినారో సూసి సెప్పు."

ఇంతే చెప్పింది. టోపీ చుట్టి బిడ్డను పడుకోబెట్టలేం కాబట్టి ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటాం. నువ్వు ఒళ్లు జాగ్రత్త.

మహానంది


లండను,
20 ఫిబ్రవరి 1956

అక్కా,

ఏ పుస్తకంలోనూ లేదు.

జాబు అందింది బుధవారం. సంత ఆదివారం. మధ్యలో నేసినదంతా ఆదెప్ప మామ విప్పించాడు, అన్నీ తెగిన పోగులే. "ఏమప్పా, పంచె పోతే ప్రాణం పోయినట్టుండావే!" అన్నాడు. అవునన్నాను.

ఆదివారం తెల్లారకముందే వెళ్లి కూర్చున్నాను. ఎల్సీ వచ్చింది. నా వచ్చీరాని ఇంగ్లీషులో పంచె అన్నాను, తెల్లగుడ్డ అన్నాను, టోపీ తీసి చూపించాను. గుర్తుపట్టింది. అమ్మేశావా అంటే తల అడ్డంగా ఊపింది. కుప్ప పక్కామెకు అప్పజెప్పి నన్ను సందులోకి, మెట్లెక్కించి ఒక చిన్న గదిలోకి తీసుకుపోయింది.

గదిలో ఆమె కూతురు. పక్కన పెట్టెలో నెల బిడ్డ. బిడ్డ కింద నా పంచె! నీలి అంచు, మొదట్లో నాకు చెయ్యి కుదరక రెండుచోట్ల పలచబడిన నేత, అదే. రెండు ముక్కలు చేశారు. ఒకటి బిడ్డ కింద, ఇంకొకటి ఉతికి పొయ్యి ముందర ఆరేశారు. ఇంత మెత్తటిది ఏ దుకాణంలోనూ కొనలేమని ఆ కూతురు అంటే, ఎల్సీ నా చెంప తట్టింది.

రెండు చేతులూ ఒడిలా పెట్టి ఊపి చూపించాను. "మా అక్క" అన్నాను, తెలుగులోనే. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎల్సీ లేచి, ఆరిన సగం తీసి మడతపెట్టి నా చేతిలో పెట్టింది. నేను టోపీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని మళ్లీ నా నెత్తిన పెట్టి, కాస్త పక్కకు వంచి, ఇట్లా అయితే బాగుంటుందని చూపించింది.

సగం పంచె ఈరోజే పార్సిలు చేశాను. ఓడలో వస్తుంది, ఏప్రిల్‌కు ముందే అందాలి. రెండో సగం అడగలేకపోయాను అక్కా. ఆ బిడ్డ దానిమీద నిద్రపోతోంది.

చింతకాయలు తిను. ఎన్ని కావాలంటే అన్ని తిను.

బావకు: దుకాణం మీద నా అభిప్రాయం మారిందని అనుకోవద్దు. అది పునరాలోచనలో ఉంది. ఇబ్బందల్లా నలుగురి ముందర అన్న ఆ మాటతో. దాన్ని మింగడం ఎట్లాగో తెలియడం లేదు.

ఉరుకుందు


లండను,
29 ఏప్రిల్ 1956

బావా,

నీ తంతి ఇప్పుడే అందింది. "దుకాణం మూసినాను. భోజనానికి రా." అంతే. ఇంకొక్క ముక్క లేదు!

అక్క ఎట్లా ఉంది? బిడ్డ ఏమైంది? తంతి ఇచ్చేవాడు ఆ సంగతి రాయడా? ఆదెప్ప మామ తంతిని తిరగేసి వెనక కూడా చూశాడు.

దుకాణం ఎందుకు మూశావు? నా మాట కోసమా? నేనన్న మాటలన్నీ వినే మనిషివి ఎప్పటినుంచి అయ్యావు? కావలివాళ్లకు కోట్లు ఎవరిస్తారు? హుసేనమ్మ సూది ఏం కావాలి? ఊరు వదిలేసిన గుడ్డను ఏరి, ఉతికి, కుట్టి, దానికి ఇంకో నాలుగేళ్లు ఆయుష్షు పోసేవాళ్లను అవమానించేవాడు అసలు గుడ్డ విలువ తెలియని మూర్ఖుడు! ఇది నేను అచ్చు వేయిస్తాను. తెరువు! ఈ జాబు చేతిలో ఉండగానే పోయి తలుపులు తెరువు!

మేము ఎల్లుండి ఓడెక్కుతున్నాం. బొంబాయిలో ఓడ ఆఫీసు పేరున జవాబు రాయి. అక్క బాగుందని మొదటి వాక్యంలోనే రాయి.

ఉరుకుందు


ఆదోని,
10 మే 1956

మేనమామకు,

మీ అక్క బాగుంది. బిడ్డ బాగుంది. ఆడపిల్ల.

మొదటి వాక్యంలో రాయమన్నావు, మూడు పట్టినాయి.

తంతి సంగతి చెబుతాను. బిడ్డ పుట్టింది, పురుడు వచ్చింది. పదకొండో దినం దాకా దుకాణం తెరవకూడదు, నీకు తెలియంది కాదు. తలుపులేసి ఇంటికి వస్తే మీ అక్క మంచం మీద నుంచే అడిగింది. "దుకాణం మూసినావా?" మూసినానన్నాను. "తాళం ఏసినావా?" వేసినానన్నాను. "అట్లయితే వాని మాట తీరిపోయిందిలే. మూసేదాకా అన్యాడు గానీ, మళ్ల తెరిస్తే తిననని అన్లేదే! తంతి కొట్టు" అనింది. ఇట్లాంటి బుర్రను ఇంట్లో పెట్టుకుని నేను ఊళ్లో వకీళ్ల చుట్టూ తిరుగుతున్నాను.

బిడ్డ సంగతి కూడా వేస్తానంటే ఒప్పుకోలేదు. తంతి అంటేనే చెడు కబురంట, అందులో పసిబిడ్డ మాట పెట్టకూడదంట. నిన్ను అంత అదరగొడతామని మాకేం తెలుసు? నీ జాబు విని ఒకసారి ఏడ్చి, మూర్ఖుడు అన్నచోట మాత్రం మళ్లీ చదివించుకునింది.

పార్సిలు ఏప్రిల్ మొదట్లోనే అందింది. మీ అక్క విప్పి ముఖానికి ఆనించుకుని, "ఇంగ్లీషు సబ్బు వాసనొస్తాంది, వాని వాసన ల్యా" అని గొణిగింది. మళ్లీ ఉతకనివ్వలేదు మాత్రం. తెగిన పక్క బిడ్డకు గీసుకుంటుందని హుసేనమ్మ మడిచి కుట్టింది. కుట్టు నీకు దొరికితే చూడు. పుట్టిన గడియలో ఆ సగం పంచె మీదే వేసినారు. ఏడుపు ఆపి కళ్లు తెరిచింది. అక్కడ రెండో సగం మీద పడుకునే బిడ్డ పేరు కనుక్కోలేదా? మీ అక్క రోజూ అడుగుతోంది.

నిన్న దుకాణం తెరిచినాను. నీ జాబు చివరి ముక్కలు హుసేనమ్మకు చదివి వినిపిస్తే, "బోర్డు మీద అదే రాయించప్పా" అనింది.

రైలు దిగి నేరుగా ఇంటికి రా. స్టేషన్లో సద్దిమూట పట్టుకుని నిలబడేది లేదని మీ అక్క గట్టిగా చెప్పమనింది. పోళీలు ఇంట్లోనే ఉంటాయి, వచ్చి తినేవాళ్లకే. ఎండలు మండిపోతున్నాయి, అయినా కోటు తొడుక్కునే దిగు. చంక నేను చూడాలి.

బావ,
మహానంది